పదివేల రెట్ల అల్లం

కీమోథెరపీ కంటే అల్లం పదివేల రెట్లు గొప్పదని చెప్పే ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. మా రొంపిచెర్ల బంధువుల వాట్సాప్ గ్రూపులో అది నాలుగైదుసార్లు తిరిగింది. ఒకసారి పండగ శుభాకాంక్షల పక్కన, ఒకసారి గుంటూరు యార్డులో మిర్చి ధరల పక్కన. ఇలాంటివి చూసి నవ్వి వదిలేయడం తేలికే. నన్ను పట్టుకున్నది ఆ అంకె. గాల్లోంచి కోతలు కోసేవాడు వంద రెట్లంటాడు, మరీ ఉత్సాహం వస్తే వెయ్యి రెట్లంటాడు. పదివేలు అన్నారంటే దాని వెనక ఎక్కడో ఒక గ్రాఫు ఉండి ఉండాలి అనిపించింది. వెతికితే ఉంది.

2015లో ప్లాస్ వన్ అనే జర్నల్లో తిరువనంతపురంలోని రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీ వాళ్ళు ఒక పేపర్ వేశారు. 6-షోగాల్ అనే అల్లం పదార్థాన్ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద పరీక్షించారు. కణాల్ని రెండు రకాలుగా పెంచారు. ఒకటి, గాజుపాత్ర అడుగున పలచగా పరిచినట్టు. రెండోది, చిన్న చిన్న ఉండలుగా ముద్దకట్టేట్టు. ఈ ఉండలు మొండివి, మామూలు మందులకు ఒక పట్టాన లొంగవు. ఈ ఉండల మీద షోగాల్ పనిచేసిందనీ, టాక్సాల్ అనే కీమో మందు మాత్రం షోగాల్‌కి పదివేల రెట్ల గాఢతలో పోసినా పనిచేయలేదనీ రాశారు. అదే వాక్యంలో, పలచగా పరిచిన కణాల మీద టాక్సాల్ బ్రహ్మాండంగా పనిచేసిందని కూడా ఉంది.

ఫార్వర్డ్ తయారుచేసిన మహానుభావుడు ఆ వాక్యంలో సగం కోసేసి మిగతా సగం పంచాడు. "ఈ ఒక్క రకం ఉండల మీద, గాజుపాత్రలో, టాక్సాల్ పనిచేయలేదు" అన్నది "కీమో కంటే అల్లం పదివేల రెట్లు మేలు" అయింది. పైగా షోగాల్ అంటే అల్లం కాదు. అల్లంలో, అందులోనూ ముఖ్యంగా ఎండిన అల్లంలో, కొద్దిపాటిగా ఉండే ఒకానొక పదార్థం.

ఇక్కడ మన భాష చాలా కాలం క్రితమే ఒక పని చేసిపెట్టింది. ఇంగ్లీషులో పచ్చిదైనా ఎండుదైనా జింజరే, ముందు ఒక విశేషణం తగిలిస్తారు అంతే. మనకి అల్లం వేరు, శొంఠి వేరు. పెసరట్టులోకి అల్లం, కషాయంలోకి శొంఠి. బాలింతకి పెట్టే కాయంలోకి శొంఠే కావాలంటారు, అల్లం వేస్తే పెద్దవాళ్ళు ఊరుకోరు. శొంఠి లేని కషాయం లేదని సామెత. ఒకే దుంపకి రెండు పేర్లు పెట్టి రెండు పనులు అప్పజెప్పడం వంటింటి చాదస్తం కాదని రసాయనశాస్త్రం చాలా ఆలస్యంగా కనుక్కుంది. పచ్చి అల్లంలో ఘాటుకి ప్రధాన కారణం జింజెరాల్. దుంప ఎండేటప్పుడు, వేడి తగిలేటప్పుడు, జింజెరాల్ అణువు నుంచి ఒక నీటి అణువు ఊడిపోతుంది. మిగిలేది షోగాల్, ఇంకాస్త ఘాటు. శొంఠి నాలుక మీద ఎక్కువసేపు మండటానికి ఇదొక కారణం.

జింజెరాల్ అనే పేరు పెట్టినవాడు జాన్ క్రిస్టఫర్ థ్రెష్ అనే ఇంగ్లీషు ఫార్మసిస్టు, 1879లో. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది ఒక జిగట పదార్థం మాత్రమే, లోపల అణువు ఎలా ఉందో తెలియదు. అది తేలడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 1917లో ఇంగ్లండులో ఆర్థర్ లాప్‌వర్త్, జపాన్‌లో హిరోషి నొమురా ఇంచుమించు ఒకేసారి అల్లం ఘాటు గుట్టు విప్పారు. జింజెరోన్ అనే పదార్థానికి పేరు నొమురాదే. షోగాల్ అన్నదీ జపాన్ వైపు నుంచి వచ్చిన పేరే. జపనీస్‌లో అల్లాన్ని షోగా అంటారు. వీళ్ళెవరికీ క్యాన్సర్ ఆలోచన లేదు. దుంప ఎందుకు మండుతుంది అన్నదే ప్రశ్న.

ఈ మంట దగ్గర పల్నాటివాడిగా నాకు కొంచెం స్వార్థం ఉంది. మా వైపు పొలాల్లో కనిపించేది మిరప, పత్తి. అల్లం బజారు నుంచి రావలసిందే. తెలుగు నేల మీద అల్లం పంట చూడాలంటే జహీరాబాద్ వైపో, విశాఖ మన్యానికో పోవాలి. కానీ మిరపలోని క్యాప్సైసిన్, అల్లంలోని జింజెరాల్ రసాయనంగా దాయాదులు. రెండిటికీ తల భాగం ఒకటే, వెనిల్లాలో ఉండే నిర్మాణమే. మన నరాల చివర్లలో క్యాప్సైసిన్ తట్టే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది, ఆయనకి 2021లో నోబెల్ వచ్చింది. జింజెరాల్ కూడా ఆ తలుపే తడుతుంది. మరి మిరపకాయ మీద కూడా గాజుపాత్రల్లో క్యాన్సర్ కణాల్ని చంపిన పేపర్లు ఉన్నాయి. "గుంటూరు కారం తింటే క్యాన్సర్ మాయం" అనే ఫార్వర్డ్ మాత్రం నాకింకా రాలేదు. నోరు మండేది మందు కాదనీ, అమ్మమ్మ ఇచ్చేదే మందనీ మన లెక్క కాబోలు.

కణాల్ని గాజుపాత్రలో చంపడం కష్టం కాదు. బ్లీచింగ్ పౌడర్ కూడా చంపుతుంది. మా వృత్తిలో ఒక పాత జోకు ఉంది. ప్రోగ్రామ్ ఆగిపోయిందని కస్టమర్ ఫోన్ చేస్తే, "నా లాప్‌టాప్‌లో పనిచేస్తోందే" అంటాడు డెవలపర్. గాజుపాత్ర ఆ లాప్‌టాప్. దాని తర్వాత ఎలుక ఉంది, ఎలుక తర్వాత మనిషి ఉన్నాడు.

ఎలుక దాకా తీసుకెళ్ళినవాళ్ళలో అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ముఖ్యులు. రీతూ అనేజా ల్యాబ్ అది. 2012లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ న్యూట్రిషన్‌లో వచ్చిన వాళ్ళ పేపర్‌కి మొదటి రచయిత ప్రశాంతి కర్ణ. 2014లో కార్సినోజెనిసిస్ జర్నల్లో వచ్చిన తర్వాతి పేపర్ చూస్తే గుండాల, ముక్కవిల్లి, వంగల అనే ఇంటిపేర్లు వరసగా కనిపిస్తాయి. మన సామాజిక శాస్త్రం పాఠ్యపుస్తకంలో పెళ్ళి శుభలేఖ చదువుతున్నట్టు ఉంటుంది.

2012 పేపర్‌లో వాళ్ళు చేసింది ఇది. రోగనిరోధక శక్తి లేకుండా పెంచిన బోడి ఎలుకల్లో పీసీ-3 అనే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్ని నాటారు. ఈ పీసీ-3 కణాలు 62 ఏళ్ళ ఒకాయన ఎముకకి పాకిన కణితి నుంచి తీసినవి, 1979 నుంచి ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఎలుకలకి రోజూ నోటి ద్వారా కిలో బరువుకి 100 మిల్లీగ్రాముల చొప్పున అల్లం సారం పట్టారు. పట్టని ఎలుకలతో పోలిస్తే కణితుల పెరుగుదల సుమారు 56 శాతం తగ్గిందని రాశారు. పేగు, ఎముక మజ్జ వంటి వేగంగా విభజన చెందే మామూలు కణజాలానికి హాని కనబడలేదని కూడా.

56 శాతం అన్నమాట జాగ్రత్తగా చదవాలి. కణితి పోలేదు. మెల్లగా పెరిగింది. అది తక్కువ విషయమని అనడంలేదు, ఎలుక మీద ఇలాంటి ఫలితం చూపించి తర్వాత మనిషి దగ్గర నిలబడిన మందులున్నాయి. నిలబడనివి వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎలుక మోతాదుని మనిషికి మార్చే మామూలు లెక్క ప్రకారం చూస్తే, 70 కిలోల మనిషికి రోజుకి 570 మిల్లీగ్రాముల దరిదాపు సారం అవుతుంది. సారం, అల్లం కాదు. టీలో దంచి వేసే ముక్కతో దీనికి పోలిక లేదు.

నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది 2014 పేపర్. ఈసారి వాళ్ళు అల్లంలోని బాగా పనిచేసే నాలుగు పదార్థాల్ని, అంటే 6, 8, 10 నంబర్ల జింజెరాల్‌లనీ 6-షోగాల్‌నీ, విడిగా కొలిచి కలిపి ఒక కృత్రిమ మిశ్రమం చేశారు. మొత్తం అల్లం సారంతో దాన్ని పోల్చారు. ఎలుకల్లో కణితిని అడ్డుకోవడంలో మొత్తం సారం 2.4 రెట్లు మెరుగ్గా ఉందని తేలిందన్నారు. సారంలో మిగతావాటితో కలిసి వచ్చినప్పుడు ఈ నాలుగూ రక్తంలో ఎక్కువసేపు నిలిచాయట. కాలేయం వీటికి చక్కెర తోక ఒకటి తగిలించి పైత్యరసంలో పేగులోకి పంపేస్తుంది. పేగులో ఆ తోక ఊడి, పదార్థం మళ్ళీ రక్తంలోకి వస్తుంది. బయటికి పొమ్మన్న చుట్టం వీధి మలుపు తిరిగి పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చినట్టు.

మనిషిలో ఏమవుతుందో మిషిగన్ యూనివర్సిటీలో సుజానా జిక్ బృందం 2008లో చూసింది. 27 మంది ఆరోగ్యవంతులకి 100 మిల్లీగ్రాముల నుంచి 2 గ్రాముల దాకా అల్లం ఇచ్చి రక్తం తీశారు. స్వేచ్ఛగా తిరిగే జింజెరాల్, షోగాల్ ఒక్కరిలోనూ దొరకలేదు. దొరికినవన్నీ కాలేయం తోక తగిలించినవే. తర్వాత ఇంకా సున్నితమైన పద్ధతిలో వెతికితే 10-జింజెరాల్, 6-షోగాల్ స్వేచ్ఛారూపంలో కొద్దిగా కనిపించాయి. గాజుపాత్రలో కణాల మీద నేరుగా గుమ్మరించిన పదార్థానికి, పళ్ళెంలోంచి పొట్టలోకి, పొట్టలోంచి కాలేయంలోకి పోయి మిగిలిన పదార్థానికి మధ్య ఉన్న దూరం అది. పదివేల రెట్లు అనే మాట ఈ దూరాన్ని చూడకుండానే పుట్టింది.

ఈ పేపర్లన్నీ నేను సరదాగా చదవలేదు. రొంపిచెర్లలో ఉండే మా పెదనాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్. మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజక్షన్. కీమో ఇంకా మొదలుకాలేదు, మొదలవ్వచ్చని డాక్టరు అన్నారు. ఒకరోజు ఫోన్ చేసి, "ఏరా అబ్బాయ్, ఆ అల్లం సంగతి చూశావా? కంప్యూటర్లో చూసి నిజమేనా చెప్పు. నిజమే అయితే ఈ ఇంజక్షన్ల తిరుగుడు దేనికి?" అన్నాడు. వెటకారంగా అడగలేదు. ఆయన మిరప వేసిన మనిషి, ఏ మందు కొడితే ఏ పురుగు చస్తుందో నలభై ఏళ్ళు చూసినవాడు. మొక్కలోంచి వచ్చింది మొక్కలాంటి మనిషికి పనిచేస్తుందనీ, కంపెనీ డబ్బాలోంచి వచ్చింది విషమనీ ఆయన నమ్మకం. డబ్బా మందులతో ఆయన అనుభవం అలాంటిది.

"ఎలుకలో కొంచెం పనిచేసింది పెదనాన్నా, మనిషిలో కణితి తగ్గిందని ఎవరూ చూపించలేదు" అన్నాను. "కంపెనీలోళ్ళు చూపించనిస్తారా?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబుగా నేనాయనకి చెప్పింది అల్లం కథ కాదు, మూడు వేరే మందుల కథలు.

మొదటిది ఆ టాక్సాలే. ఫార్వర్డ్‌లో కంపెనీ విషంగా నిలబెట్టిన మందు నిజానికి చెట్టు బెరడు. 1962లో ఆర్థర్ బార్‌క్లే అనే వృక్షశాస్త్రజ్ఞుడు అమెరికా పశ్చిమతీరపు అడవిలో యూ చెట్టు బెరడు సేకరించి పంపాడు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వేలకొద్దీ మొక్కల్ని అలా తెప్పించుకుని పరీక్షిస్తున్న కాలం. మన్రో వాల్, మన్సుఖ్ వానీ అందులోని పదార్థాన్ని విడదీసి 1971లో దాని నిర్మాణం ప్రకటించారు. అండాశయ క్యాన్సర్‌కి మందుగా అనుమతి వచ్చింది 1992లో. బెరడు నుంచి సీసాకి ముప్ఫై ఏళ్ళు.

రెండోది మా పెదనాన్న గుమ్మం పక్కనే ఉంది, బిళ్ళగన్నేరు. దాని ఆకుల కషాయాన్ని జమైకాలో చక్కెర జబ్బుకి తాగుతారని విని, కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1950లలో ఎలుకలకి ఎక్కించి చూశారు. చక్కెర తగ్గలేదు. ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఎందుకని చూస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి ఉన్నాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు లుకేమియా కదా, మరి అక్కడ వాడితే? అలా 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపడింది, వెనకాలే విన్‌క్రిస్టిన్. పిల్లల రక్త క్యాన్సర్‌కి ఇవాళ్టికీ వాడుతున్నారు. జనం ఏ జబ్బుకని తాగారో దానికి పనిచేయక, ఎవరూ ఊహించని జబ్బుకి పనిచేసింది. ఆకుని నమిలితే మాత్రం ఎలుకల గతే పట్టవచ్చు.

మూడోది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. ఈ కథలో నాకు మిగతావాటికంటే ఎక్కువ చిక్కుముడి కనిపిస్తుంది. 1895లో పుట్టాడు. అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో పోయారు. తనకీ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి నయం చేశాడని ఆయన జీవితచరిత్రల్లో చెబుతారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు కూడా చెప్పాడు. అలాంటి మనిషి 1923లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో పనిచేసి, చివరికి లెడర్లీ కంపెనీలో పరిశోధన విభాగానికి నాయకుడయ్యాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఫోలిక్ అంటేనే ఆకు సంబంధమైనది. 1941లో టెక్సాస్‌లో దాన్ని మొదట టన్నులకొద్దీ పాలకూర నుంచి పిండారు. అంతకంటే సహజమైన పదార్థం ఏముంటుంది?

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్లం బాపతు పదార్థాల్ని లుకేమియా ఉన్న పిల్లలకి ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకుంది. ఆకుకూర విటమిన్ క్యాన్సర్ కణాలకీ విటమినే. దాంతో ఆలోచన తిరగబడింది. ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూ దాని పని చెడగొట్టే దొంగ అణువు ఉంటే? సుబ్బారావు బృందం అలాంటివి చేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ పనిచేసింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన పేపర్‌లో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా నయమైంది. అంతకుముందు ఆ జబ్బుకి ఏ మందూ అంత చేయలేదు. రెండు నెలలకి, ఆగస్టులో, సుబ్బారావు చనిపోయాడు. అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆయుర్వేదం చేత్తో బతికిన మనిషి బృందం ఆకులోని అణువుని కొంచెం వంకర చేసి కీమోథెరపీకి పునాది వేసింది. ఇందులో ఏది మనది, ఏది కంపెనీది, ఏది సహజం, ఏది విషం? గీత ఎక్కడ గీస్తారో గీయండి.

పెదనాన్నకి సుబ్బారావు నచ్చాడు. "భీమవరమా?" అని రెండుసార్లు అడిగాడు. ఇంజక్షన్‌కి వెళ్ళాడు. అల్లం మానలేదు, నేను మానమనలేదు. డాక్టరుకి ఆ మాట చెప్పమని మాత్రం అన్నాను, ఎందుకంటే అట్లాంటా ల్యాబు వాళ్ళే ఇంకో పేపర్‌లో అల్లం పదార్థాలు కాలేయంలో మందుల్ని కరిగించే ఎంజైముల మీద కూడా చేయి వేస్తాయని ప్రయోగశాలలో చూపించారు. వంటలో వేసేది వేరు, రోజూ గుప్పెడు సారం మాత్రలు మింగడం వేరు. అల్లం అంటే తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది అన్నవాడి సామెత ఈ కాలంలో సప్లిమెంట్ల సీసాల మీద ముద్రించవచ్చు.

మనుషుల మీద అల్లం ఏమీ సాధించలేదా అంటే, సాధించింది. అదీ కీమో వార్డులోనే. రోచెస్టర్ యూనివర్సిటీలో జూలీ రయన్ బృందం కీమో తీసుకుంటున్న రోగులకి అల్లం క్యాప్సూళ్ళు ఇచ్చింది. 2012లో వచ్చిన పేపర్‌లో 576 మంది లెక్క ఉంది. రోజుకి అర గ్రాము, ఒక గ్రాము, ఒకటిన్నర గ్రాము అని మూడు మోతాదులు, పక్కన ఉత్త క్యాప్సూల్ తీసుకునేవాళ్ళు. కీమోకి మూడు రోజుల ముందు మొదలుపెట్టి ఆరు రోజులు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. మొదటిరోజు వచ్చే వికారం అల్లం తీసుకున్నవాళ్ళలో తగ్గింది. అర గ్రాము, ఒక గ్రాము మోతాదులే బాగా పనిచేశాయి, ఒకటిన్నర అంత కాదు. తర్వాత చేసిన ట్రయల్స్ అన్నీ దీనితో ఏకీభవించలేదు. అయినా అల్లానికీ క్యాన్సర్‌కీ సంబంధించి మనుషుల మీద ఇంతమందితో చేసిన పరీక్షల్లో నాకు తెలిసినంతలో గట్టిగా నిలబడేది ఇదే.

కీమో అంటే చాలామంది భయపడేది ఆ వాంతులకే. రెండో సైకిల్‌కి రానని మొండికేసేవాళ్ళుంటారు, ఇంట్లోవాళ్ళు బతిమాలి తీసుకురావాలి. ఆ 576 మందికీ వాంతులు ఆపే మామూలు మాత్రలు కూడా ఇచ్చారు. అల్లం వాటి పక్కన చేరింది. ఒక్కో అల్లం క్యాప్సూల్‌లో పావు గ్రాము అల్లానికి సమానమైన సారం, పొద్దున మూడు క్యాప్సూళ్ళు, సాయంత్రం మూడు.